ఒక గరిటె తగ్గిద్దాం, బెంగ మానేద్దాం

పింఛనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని గురించి నాకన్న బాగా మాట్లాడగల వారు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నాతో మాత్రం, "మీరు ఒళ్లు తగ్గారు కదా, ఎలా తగ్గారో పది నిమిషాలు చెప్పండి" అన్నారు. హక్కు కోర్టు ఇచ్చింది. ఆ హక్కును పదికాలాలపాటు అనుభవించే ఒంటిని మనమే చూసుకోవాలి. కనుక విషయం ఈ సభకు తగినదే అనుకుని ఒప్పుకున్నాను.

ముందుగా ఒక మనవి. నేను డాక్టరును కాను. ముప్పై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన వాణ్ణి. నాకు తెలిసిందల్లా కూడికలు, తీసివేతలు. బరువు తగ్గడానికి కావలసింది కూడా చాలావరకు అంతేనని నా అనుభవం.

రెండేళ్ల క్రితం నా బరువు 82 కిలోలు. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. మోకాళ్ల నొప్పికని వెళితే డాక్టరుగారు మందు చీటీ రాస్తూ, "మాస్టారూ, ఈ మాత్ర నొప్పికి. బరువుకు మాత్ర మీ వంటింట్లోనే ఉంది" అన్నారు. ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్ల మీద పరిశోధన చేసి 2005లో ప్రకటించిన సంగతి ఇది. ఆ లెక్క నాకు నచ్చింది. ఒకటి కడితే నాలుగు వచ్చే పథకం మన సర్వీసులో ఎన్నడూ చూడలేదు కదా!

ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను. ఇంట్లో ఇద్దరమే, నేనూ మా ఆవిడా. నెలకు మూడు నూనె ప్యాకెట్లు అయ్యేవి. లీటరు ప్యాకెట్టులో 910 గ్రాముల నూనె ఉంటుంది. అంటే మనిషికి రోజుకు 45 గ్రాములు. దాన్ని రెండు ప్యాకెట్లకు దించాం. మనిషికి రోజుకు 15 గ్రాములు తగ్గింది. గ్రాము నూనెకు 9 క్యాలరీల చొప్పున 135 క్యాలరీలు. మధ్యాహ్నం అన్నంలో ఒక గరిటె, అంటే సుమారు వంద గ్రాములు తగ్గించాను. అది 130. రోజుకు మూడు కాఫీలు, ఒక్కొక్క దానిలో ఒక చెంచా పంచదార తగ్గించాను. చెంచాకు 20 చొప్పున 60. మొత్తం కలిపితే 325 క్యాలరీలు. నేను మానేసింది ఏదీ లేదు గమనించండి. అన్నం ఉంది, తాళింపు ఉంది, కాఫీ ఉంది. కాస్త కాస్త తగ్గాయి, అంతే.

కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు అంటారు. రోజుకు 325 చొప్పున ఆదా చేస్తే ఇరవైనాలుగు రోజులకు ఒక కిలో తగ్గాలి. మొదటి మూడు నెలలూ ఇంచుమించు అలాగే తగ్గింది. తరువాత నెమ్మదించింది. ఒళ్లు తేలికైన కొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది కనుక అది సహజమేనని డాక్టరుగారు చెప్పారు. మొత్తం ఎనిమిది కిలోలు తగ్గడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు 74 దగ్గర నిలబడ్డాను. "మీ వయసుకు ఇది చాలు, ఇంకా దించాలని పట్టుబట్టకండి" అన్నారాయన. నేనూ పట్టుబట్టలేదు.

ఇంత చిన్న లెక్క అయితే అందరూ ఎందుకు తగ్గడం లేదు అని మీరు అడగవచ్చు. అడ్డం వచ్చేది ఆకలి కాదండీ, పాపభీతి. అది రెండు రకాలుగా వస్తుంది.

మొదటిది, వదిలేస్తే పాపం అనే బెంగ. మనలో చాలామంది 1965, 66 నాటి కరువు రోజుల్లో పెరిగిన వాళ్లం. రేషను షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డాం. ఓడల్లో వచ్చిన అమెరికా గోధుమలు తిన్నాం. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని, మెతుకు కింద పడితే కళ్లకద్దుకోమని మన పెద్దలు నేర్పారు. అది మంచి సంస్కారం, దాన్ని వదులుకోమని నేను చెప్పను. కాని ఆ సంస్కారం విస్తరిలో మిగిలిందల్లా పొట్టలో వేయమని చెప్పలేదు. అవసరం లేని అన్నం చెత్తబుట్టలో పడినా వృథాయే, పొట్టలో పడినా వృథాయే. పొట్టలో పడితే పైన మందుల ఖర్చు అదనం.

ఈ విషయంలో ఆడవారి బాధ మరీ ఎక్కువ. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన రెండు గరిటెల అన్నం, అడుగున కాస్త కూర, పారేయడానికి చేతులు రాక నిలబడే తినేస్తారు. అది భోజనం లెక్కలోకి రాదు, ఒంటి లెక్కలోకి మాత్రం వస్తుంది. మా ఆవిడ దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. పొదుపు చేయవలసింది కంచం దగ్గర కాదు, బియ్యం డబ్బా దగ్గర అంటుంది. కొలిచే గ్లాసులో పావు గ్లాసు తగ్గించి అత్తెసరు పెట్టింది. అన్నం మిగలదు, పారేయడం ఉండదు, మిగిలింది తినవలసిన పనీ లేదు. ముప్పై ఆరేళ్లు ఫైళ్లు చూసిన నాకు తట్టని మాట అది! ఖర్చు అదుపు చేయాలంటే బిల్లు దగ్గర కాదు, శాంక్షను దగ్గరే చేయాలి కదా.

రెండవది, తింటే పాపం అనే బెంగ. ఇది ఈ మధ్య వచ్చిన జబ్బు. పెళ్లిలో ఒక లడ్డూ తిన్నామంటే తప్పు చేసిన వాళ్లలా దిక్కులు చూస్తాం. "పథ్యం చెడింది, ఇంకేముంది" అని ఆ పూట ఇంకో రెండు తింటాం. మర్నాడు ప్రాయశ్చిత్తంగా కడుపు మాడ్చుకుంటాం. మూడోరోజు ఆకలికి ఆగలేక రెట్టింపు తింటాం. మన పింఛనులో పొరపాటున ఎక్కువ జమ అయితే ట్రెజరీవారు కూడా వాయిదాల మీద రికవరీ చేస్తారు. మనం మాత్రం మన ఒంటి దగ్గర ఒక్కరోజులో మొత్తం వసూలు చేయాలని చూస్తాం!

నవ్వుతున్నారు కాని, ఇది నవ్వే విషయం కాదు. మా పాత సెక్షనులో నాతో పనిచేసిన మిత్రుడొకరున్నారు. పేరు చెప్పను. షుగరుకు పదేళ్లుగా మాత్రలు వాడుతున్నారు. మనవరాలి పెళ్లిలో కడుపునిండా తిన్నారు. తినవలసిందే, మనవరాలి పెళ్లి మళ్లీ వస్తుందా? కాని ఆ రాత్రి కొడుకు ఏదో అన్నాడని నొచ్చుకుని, మర్నాడు పొద్దున ఏమీ తినకుండా ఉన్నారు. మాత్ర మాత్రం అలవాటుగా వేసుకున్నారు. పదకొండు గంటలకు ఒళ్లంతా చెమట పట్టి, కాళ్లు వణికి, స్నానాల గదిలో పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది. మూడు నెలలు మంచం మీద, ఆ తరువాత వాకరు పట్టుకుని. చూడటానికి వెళితే నా చేయి పట్టుకుని, "తిన్నందుకు పడలేదయ్యా, తిన్నానని సిగ్గుపడి పడ్డాను" అన్నారు. ఆ మాట మీకు చెప్పాలనే ఈరోజు మైకు ముందుకు వచ్చాను.

మన వయసులో చావంటే భయం అంతగా లేదు. మంచాన పడి ఒకరి చేతుల మీదకు వెళతామేమోననే మన భయమంతా. బరువు తగ్గడం అందుకోసమే. ఆ ప్రయత్నమే మనల్ని మంచాన పడేస్తే ఇక ప్రయోజనమేముంది?

లంఖణం పరమౌషధం అని మన పెద్దలు అన్నారు. నిజమే. కాని షుగరు మాత్రలు, ఇన్సులిన్ లేని రోజుల మాట అది. అవి వాడేవారు తిండి తగ్గించదలచుకుంటే ముందు డాక్టరుగారికి చెప్పాలి. మందు మోతాదు కూడా తగ్గించవలసి రావచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. ఆ పూట పంచదారే మందు, అందులో తప్పేమీ లేదు. ఇంట్లోవాళ్లు కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొక జాగ్రత్త. తగ్గించవలసింది అన్నం, నూనె, పంచదార, పిండివంటలు. పప్పు, మజ్జిగ, తినేవారికి గుడ్డు, చేప, వీటిని తగ్గించకూడదు. ఈ వయసులో ఉత్తినే తిండి మానేస్తే కొవ్వుతోబాటు కండ కూడా కరిగిపోతుంది. కండ పోతే కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. వారు 2024 మే నెలలో దేశ ప్రజలకు 17 ఆహార సూత్రాలు విడుదల చేశారు. కంచంలో సగభాగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు ఉండాలని, ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదని అందులో ఉంది. మన ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల సంగతి ఆ ఉప్పు లెక్కలో ఎవరికి వారే చూసుకోండి. నేను ఆవకాయ మానలేదు. రెండు ముక్కల చోట ఒక ముక్క.

నడక సంగతి కూడా చెబుతాను. నడవాలి, తప్పకుండా నడవాలి. గుండెకు, కాళ్లకు, నిద్రకు మంచిది. కాని అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు వంద, నూట ఇరవై క్యాలరీలు. దారిలో హోటలు దగ్గర ఆగి రెండు గారెలు తింటే ఆ పద్దు మాఫీ. నడక ఆరోగ్యానికి, తగ్గింపు కంచంలో. ఈ రెండూ కలిస్తే ఫలితం గొప్పగా ఉంటుంది. 2002లో అమెరికాలో ప్రకటించిన పెద్ద పరిశోధన ఒకటుంది. షుగరు రావడానికి సిద్ధంగా ఉన్నవారు బరువులో ఏడు శాతం తగ్గాలని, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయాలని లక్ష్యం పెట్టుకుంటే, వారిలో షుగరు జబ్బు రావడం 58 శాతం తగ్గింది. అరవై దాటినవారిలో అయితే 71 శాతం. మనకు వయసు మించిపోయిందని ఎవరూ అనుకోనక్కరలేదు. ఏడు శాతమంటే 82 కిలోల మనిషికి ఆరు కిలోలు కూడా కాదు.

అయితే ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గిపోతూ ఉంటే సంతోషించకండి. అది వేరే జబ్బుకు నోటీసు కావచ్చు. వెంటనే చూపించుకోవాలి.

ఇక కోడళ్లకు, కూతుళ్లకు ఒక మాట. అమ్మలూ, పెద్దవాళ్లు "చాలమ్మా" అంటే వంట నచ్చలేదని అర్థం కాదు. మీరు కొసరి కొసరి వడ్డించడం మర్యాదే, కాదనను. ఇకనుంచి ఆ మర్యాదను కూర వడ్డించడంలో చూపించండి, అన్నంలో వద్దు. అలాగే పండగనాడు మీ మామగారు ఒక బొబ్బట్టు తింటే లెక్కపెట్టకండి. పిల్లల ముందు "మీకు షుగరు కదా" అని గుర్తుచేయకండి. నలుగురిలో చిన్నబుచ్చితే మనిషి తినడం మానడు, చాటుగా తింటాడు.

సోదరులారా, నేను పాటించే నియమాలు మూడే. మొదటిసారే తక్కువ వడ్డించుకోవడం. తినేది కూర్చుని, నెమ్మదిగా, ఇష్టంగా తినడం. ఎప్పుడైనా ఎక్కువ తింటే, ఆ లెక్కను ఆ రోజుతోనే మూసేసి, మర్నాడు పొద్దున మామూలుగా ఇడ్లీ తినడం. వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున, బరువు చూసుకుంటాను. అర కిలో పెరిగితే ఏడవను, తగ్గితే ఎగరను. తేదీ వేసి పుస్తకంలో రాసుకుంటాను. అలవాటైన పని కదా.

మధ్యాహ్న భోజనంలో ఈరోజు చక్రపొంగలి ఉందని ఇందాక కార్యదర్శిగారు చెప్పారు. అందరూ తినండి. నేనూ తింటాను. షుగరున్నవారు రెండు చెంచాలు వేయించుకుని, ఆ మేరకు అన్నం తగ్గించండి. ఏది తిన్నా సంతోషంగా తినండి.