అటక మీద పురుగులు – అటక కింద మనం

(రేడియో ప్రసంగ పాఠం)



ఇవాళ మనం అటక గురించి మాట్లాడుకుందాం. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో పాత ఇల్లున్న ప్రతి గృహిణికీ అటకతో ఏదో ఒక పేచీ ఉండనే ఉంటుంది. వంటింటి పక్క గదిలోనో, పడకగదిలో సరిగ్గా మంచానికి పైనో, తాటి దూలాల మీద చెక్కలు పరిచి కట్టిన అటక. దాని మీద ఏమేం ఉన్నాయో ఇంటాయనకి బొత్తిగా తెలియదు, మనకీ సగమే తెలుసు. అత్తగారి కాలంనాటి గుండిగలు, గంగాళాలు, బీటలు వారిన జాడీలు, బొమ్మలకొలువు పెట్టె, బూరుగుదూది పరుపులు, పిల్లల ఉయ్యాల, సంచిలో మినుములు, మామగారి దస్తావేజుల ట్రంకుపెట్టె. వీటన్నిటితోపాటు పురుగులూ ఉంటాయి.

పురుగు కనబడగానే మనం చేసే మొదటి పని ఏమిటి? బజారు నుంచి ఏదో ఒక మందు తెప్పించి అటకంతా చల్లించడం. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. ఆఖరున చెయ్యవలసిన పనిని మనం మొదట చేస్తున్నాం. అటక మీద చల్లింది అటక మీదే ఉండిపోదు. పొడి అయితే చెక్కల సందుల్లోంచి రాలుతుంది, ఆవిరి అయితే గదిలోకి వస్తుంది. ఆ గదిలో పడుకునేది మనమూ, మన పిల్లలూను.

అందుకని ముందు ఏ పురుగు దేనికోసం వచ్చిందో చూడాలి. అటక మీద పురుగుకి తిండి నాలుగు రకాలు: కర్ర, గింజ, బట్ట, కాగితం. తిండి దొరక్కుండా చేస్తే మందుతో పని సగానికి సగం తగ్గుతుంది.

ముందు కర్ర సంగతి. తొలకరి వాన పడ్డ సాయంత్రం దీపం చుట్టూ మూగి రెక్కలు రాల్చే ఉసిళ్లు మీకందరికీ తెలుసు కదా! అవి వేరే జాతి అనుకుంటాం గాని, రెక్కలొచ్చిన చెదలే ఉసిళ్లు. బయటినుంచి దీపానికి వస్తే గాభరా పడనక్కర్లేదు. గోడ పగుల్లోంచో, గుమ్మం పక్కనుంచో పుట్టుకొస్తే మాత్రం చెద మన ఇంట్లోనే కాపురం పెట్టిందన్నమాట. దానికి తేమ కావాలి. నేలలో ఉండి, గోడ వెంట మట్టితో సన్నటి దారి కట్టుకుంటూ అటకదాకా ఎక్కుతుంది. చీపురుతో ఆ దారిని గీకేసి ఊరుకుంటే మళ్లీ కట్టుకుంటుంది. అది నేలలోంచి ఎక్కడ బయలుదేరిందో వెతకాలి. స్నానాల గది గోడా, వంటింటి తూమూ, చూరునీళ్లు పడే చోటూ ముందుగా చూడండి.

మన డెల్టాలో తేమకి కొదవలేదు. ఒకపక్క కాలవలు, ఒకపక్క సముద్రపు గాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివానకి ఒక్క పెంకు పక్కకి జరిగినా చాలు, అక్కడ కారిన నీరు దూలాన్ని నానబెట్టి చెదకి దారి చూపిస్తుంది. కాబట్టి చెదమందు కన్నా ముందు పెంకులు సర్దించాలి.

తాటి దూలానికి ఒక గుణం ఉంది. టేకులాంటి మానుల్లో చేవ లోపల ఉంటుంది. తాటిలో గట్టిదనం పైన, మెత్తన లోపల. లోపలిదంతా చెద తినేసినా పైకి దూలం నిక్షేపంలా కనిపిస్తుంది. కర్రతో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే వడ్రంగికి చూపించేదాకా దాని కింద మంచం వెయ్యకండి, అటక మీదికి ఎవర్నీ ఎక్కనివ్వకండి. కొందరు కిరసనాయిలు, ఇంజను నుంచి తీసిన నల్లనూనె పూయిస్తారు. వంటిల్లు పక్కనే ఉండగా అటకకి అలాంటి పూత పూయించడం నిప్పుతో చెలగాటమే. నేలలో మందు పోయించక తప్పకపోతే లైసెన్సు ఉన్నవాళ్లనే పిలవండి. ఏ మందో కాగితం మీద రాయించుకోండి. పెరట్లో నుయ్యి ఉంటే ముందే చెప్పండి. గర్భిణులనూ, పసిపిల్లలనూ ఆ నాలుగు రోజులూ మరోచోట ఉంచండి.

వెదురు బుట్టల కింద, చేటల కింద పిండిలాంటి సన్నటి పొడి రాలి ఉంటే అది చెద పని కాదు. వెదురులోని పిండిపదార్థం కోసం తొలుచుకుపోయే చిన్న పెంకుపురుగు పని. వెనకటివాళ్లు వెదుళ్లు కొట్టగానే చెరువులో వారాల తరబడి నాననేసేవారు. ఆ పిండిపదార్థం నీళ్లలో పోతే పురుగుకి అందులో తిండి ఉండదు. పుచ్చిన బుట్టని మందు చల్లి దాచుకోవడం ఎందుకు? భోగిమంటలో వేసెయ్యండి. మందు చల్లినదైతే మాత్రం మంటలో వెయ్యవద్దు సుమా, ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

ఇక గింజలు. మన దగ్గర వరి కోసిన మాగాణుల్లో మినుమూ, పెసరా పండించడం ఆనవాయితీ. పుచ్చుపురుగు అటక మీదే పుట్టిందనుకుంటాం గాని, చాలాసార్లు అది చేలో కాయ మీద గుడ్డుగా ఉండగానే బయలుదేరి, గింజతోపాటు మన గుమ్మం తొక్కుతుంది. బియ్యంలో ముక్కుపురుగు ఇంకో రకం. గింజకి సన్నటి బెజ్జం చేసి, అందులో గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. చేటతో చెరిగితే పైన పాకేది పోతుంది గాని గింజలో దాగినది పోదు. అందుకే కొన్నాళ్లకి మళ్లీ కనిపిస్తుంది.

అపరాలకి ఎండే మొదటి మందు. వేసవి ఎండలో పల్చగా ఆరబోసి, పూర్తిగా చల్లారాక, మూత బిగుతుగా పట్టే డబ్బాలో పొయ్యండి. వేడివేడిగా మూత పెడితే లోపల చెమ్మ చేరుతుంది. తర్వాత కిలోకి ఒక చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల నూనె పట్టించండి. గుడ్డుకి గాలి ఆడక చస్తుంది. మన అమ్మమ్మలు అపరాలకి ఆముదం రాసింది ఊరికే కాదు.

మరి వేపాకూ, పసుపూ మాటేమిటంటారా? వేసుకుంటే వేసుకోండి గాని వాటినే నమ్ముకుని కూర్చోకండి. తెనాలి పక్కనున్న దుగ్గిరాల పసుపు వ్యాపారానికి పెట్టింది పేరు. నిలవ ఉన్న పసుపు కొమ్ములనే తొలిచి తినే చిన్న పెంకుపురుగు ఒకటుంది. పసుపునే ఆరగించే పురుగు ఉండగా, చిటికెడు పసుపుకి పురుగులన్నీ పారిపోతాయని ఎలా అనుకుంటాం? ఏ పురుగో తెలియకపోతే చిన్న సీసాలో వేసి ఊళ్లోని వ్యవసాయాధికారికి చూపించండి. 1945లో ఏర్పడ్డ వ్యవసాయ కళాశాల బాపట్లలోనే ఉంది. ఈ విద్య చదువుకున్నవాళ్లు మన చుట్టుపక్కల తక్కువేం లేరు.

ఇక్కడ ఒక గట్టి మాట చెప్పాలి. గోదాముల్లో ధాన్యానికి పెట్టే బిళ్లలు ఇళ్లలోకీ చేరుతుంటాయి. “ఒక్క బిళ్ల గుడ్డలో చుట్టి బస్తాలో పడెయ్యండి, ఏడాదిదాకా పురుగు మాట ఉండదు” అని ఎవరో ఒకరు సలహా చెబుతారు. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే దాన్నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. 3 గ్రాముల బిళ్ల నుంచి దాదాపు 1 గ్రాము వాయువు వస్తుంది. అది గాలికన్నా కాస్త బరువు. అటక మీద బస్తాలో పెడితే చెక్కల సందుల్లోంచి కింది గదిలోకి దిగుతుంది. రాత్రిపూట తలుపులూ కిటికీలూ బిడాయించుకుని పడుకుంటాం. తెల్లవారేసరికి పిల్లలకి వాంతులూ, కడుపునొప్పీ, ఆయాసం మొదలైతే, రాత్రి తిన్నది పడలేదనుకుంటాం. ఈ విషానికి విరుగుడు లేదు. మన దేశంలో ప్రభుత్వ సంస్థలకీ, అనుమతి ఉన్న పురుగు నివారణ సంస్థలకీ తప్ప ఆ బిళ్లల్ని అమ్మకూడదు. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా వాటిని గడప దాటనివ్వకండి. ఇంట్లో వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేప వాసనో వచ్చి అనుమానం కలిగితే బిళ్ల కోసం వెతుకుతూ నిలబడవద్దు, దాని మీద నీళ్లు పొయ్యవద్దు. అందర్నీ బయటికి తీసుకొచ్చి 108కి ఫోన్ చెయ్యండి. డాక్టరుగారితో “ఇంట్లో గింజల బిళ్ల పెట్టారు” అని మొదటి మాటగా చెప్పండి.

ఇక బట్టలు. పట్టునీ, ఉన్నినీ తినేది ఒక చిన్న చిలకపురుగు పిల్ల. నూలు జోలికి అది సాధారణంగా రాదు. గంజి పెట్టి దాచిన నూలుచీర చిల్లులు పడిందంటే అది వెండిలా మెరుస్తూ, తోక దగ్గర మూడు పోగులుండి, చేపలా జారిపోయే పురుగు చేసిన పని. దానికి కావలసింది గంజి. కాబట్టి దాచే చీరకి గంజి పెట్టకండి. చెమట మరకలు లేకుండా ఉతికి, బాగా ఆరబెట్టి దాచండి.

బట్టల మధ్య కలరా ఉండలు వెయ్యడం మనకి అలవాటు. అవి నాఫ్తలీన్ ఉండలు. మూత బిగిసిన పెట్టెలో ఆవిరి నిండితేనే పనిచేస్తాయి. తెరిచి ఉన్న అటక మీద నాలుగు ఉండలు విసిరేస్తే పురుగుకి ఏమీ కాదు, ఆ ఆవిరి మన ఊపిరిలోకి వస్తుంది.

వీటితో అసలు భయం పురిటింట్లో ఉంది. అమ్మాయి పురిటికి వస్తోందంటే అటక మీంచి ఉయ్యాల దించుతాం. బొంతలూ, మెత్తటి పాత చీరలూ దించుతాం. పసిబిడ్డ ఒంటికి పాతబట్ట మంచిదని మన పెద్దల మాట. ఆ బట్టలేమో ఏళ్ల తరబడి కలరా ఉండల మధ్య ఉన్నవి. కొందరు పిల్లలకి పుట్టుకతోనే ‘జి సిక్స్ పి డి’ అనే ఎంజైము లోపం ఉంటుంది. మగపిల్లల్లో ఇది ఎక్కువ. చూడటానికి బిడ్డ బొద్దుగా, ఆరోగ్యంగానే ఉంటాడు. అలాంటి బిడ్డకి నాఫ్తలీన్ తగిలితే నెత్తుటిలోని ఎర్రకణాలు పగిలిపోతాయి. ఒళ్లు పాలిపోతుంది, కామెర్లు ముదురుతాయి, మూత్రం ముదురు రంగుకి తిరుగుతుంది. కామెర్లు మరీ ముదిరితే మెదడుకే దెబ్బ తగులుతుంది. “పుట్టిన పిల్లలకి కామెర్లు మామూలేగా” అని ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత కలరా ఉండలతో దాచిన బట్ట పసిబిడ్డ దగ్గరికి రానివ్వకండి. ఉతికి ఎండలో వేస్తే పోదా అంటారేమో. పూర్తిగా పోయిందని ఎలా తెలుసుకుంటాం? రెండు గజాల కొత్త నూలుగుడ్డ కొని, రెండుసార్లు ఉతికి మెత్తబరుచుకోవడం సుళువు. ఇంట్లో ఉన్న కాస్త పెద్ద పిల్లలు ఆ తెల్ల ఉండని పిప్పరమెంటు అనుకుని నోట్లో వేసుకునే ప్రమాదమూ ఉంది.

నాలుగోది కాగితం. పుస్తకాల అట్టలకి పూసిన జిగురు కోసం ఇందాకటి వెండిరంగు పురుగే వస్తుంది. కాగితాల మీద ఏ పొడీ చల్లకండి. ఒక్కొక్క పేజీ మెత్తటి బ్రష్షుతో దులిపి, నీడన గాలికి ఆరబెట్టండి. ముఖ్యమైన పుస్తకం ఒకటి రెండు ఉంటే, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి, రెండు వారాలు ఫ్రిజ్జులో మంచు కట్టే అరలో ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా తగ్గేదాకా సంచి విప్పకండి. పాత కాగితాలు కదా అని తూకానికి వేసేముందు చదువుకున్నవాళ్లకి చూపించండి. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది బాపట్లలోనే. అలాంటి రోజుల నాటి కాగితం మీ ట్రంకుపెట్టెలోనూ ఉండవచ్చు. అటువంటివాటిని భద్రం చెయ్యడానికి వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు ఉన్నాయి.

బొద్దింక మాట వేరే చెప్పాలా? దానికి అట్టపెట్టెలూ, గోనెసంచులూ ఉంటే చాలు. బొద్దింకల్ని తినడానికి తేలూ, జెర్రీ వస్తాయి. కాబట్టి టీవీ కొన్న అట్టపెట్టె, మిక్సీ కొన్న అట్టపెట్టె అటక ఎక్కించడం మానెయ్యండి.

అటక మూల ఒక పాత డబ్బా కూడా ఉండవచ్చు, చూసుకోండి. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ చల్లిన గమాక్సిన్ పొడి. బి.హెచ్.సి. అనే ఆ మందుని మన దేశంలో 1997లో నిషేధించారు. ఏళ్లు గడిచినా అది విరగదు, ఒంట్లోకి చేరితే కొవ్వులో నిలిచిపోతుంది. దాన్ని వాడెయ్యకండి, కాలవలో పొయ్యకండి, తగలబెట్టకండి. రాలిన పొడిని చీపురుతో ఊడిస్తే గాలిలో లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా డబ్బాని రెండు సంచుల్లో కట్టి, ప్రమాదకరమైన చెత్త అని చెప్పి మునిసిపాలిటీవాళ్లకి విడిగా ఇవ్వండి.

ఇదంతా ఎప్పుడు చెయ్యాలి? బూజులు సంక్రాంతికి దులుపుతాం. పురుగు సంగతి మాత్రం ఎండలు ముదిరాక, తొలకరికి ముందు చూడాలి. అప్పుడైతే దించిన ప్రతి వస్తువూ ఎండలో పెట్టుకోవచ్చు. పనిమనిషి ఒక్కదాన్నీ నిచ్చెన ఎక్కించకండి, కింద ఒకరు పట్టుకోవాలి. ఎక్కేవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతిలో టార్చిలైటు పట్టుకోవాలి. గుండిగ కింద చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి, తేలుంటే తెలుస్తుంది. అన్నీ దించాక మూడు కుప్పలు పెట్టండి: వాడేవి, ఇచ్చెయ్యవలసినవి, పారెయ్యవలసినవి. అటకని తడిగుడ్డతో తుడిచి, నాలుగు రోజులు ఖాళీగా వదిలెయ్యండి. మళ్లీ సర్దేటప్పుడు వస్తువులు గోడకి జానెడు దూరంగా, ఇటుకల మీద ఎత్తుగా పెడితే చెద దారి కట్టగానే కనిపిస్తుంది. గింజలూ, పసిపిల్లల బట్టలూ అటక మీద అసలు పెట్టకండి.

ఇంత చేశాక కూడా ఏదైనా పురుగు మిగిలితే అప్పుడు మందు గురించి ఆలోచిద్దాం. ఆలోచించేముందు ఆ అటక కింద ఎవరి మంచం ఉందో ఒక్కసారి చూసుకోండి. మీ ఇంటికి పురిటికి వచ్చే అమ్మాయి ఉంటే, ఈ పని ఆమె రాకముందే ముగించండి.