కోట ఎవరిది?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. నా తెలుగులో తప్పులు దొర్లితే పెద్ద మనసుతో సర్దుకోవలసిందిగా మనవి.

బాబయ్య ఉరుసుకు మనం హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి పెనుకొండకు పోతాం గాని, కొండ ఎక్కేవాళ్లు తక్కువ. ఈ ఏడు ఆరో తరగతి బిడ్డలను ఎక్కించినాను. దిగేటప్పుడు ఒక పిల్లవాడు అడిగినాడు: "సార్, ఈ కోట మనదా, వాళ్లదా?" పదకొండేళ్ల బిడ్డకు ఈ లెక్క ఎవరు నేర్పినారో గాని, ఆ పొద్దు నాకు జవాబు నోటికి రాలేదు.

1565లో తళ్లికోట యుద్ధం పోయిన తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. పిమ్మట బిజాపూరు వాళ్లు వచ్చినారు. తర్వాత గుత్తి ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చేతికి వచ్చింది. 1762 ప్రాంతంలో హైదర్ అలీ పట్టుకున్నాడు. మన హిందూపురం పేరు కూడా మురారిరావు తండ్రి బిరుదైన 'హిందూరావు' నుంచి వచ్చిందంటారు.

ఈ మురారిరావు సంగతి కొంచెం వినండి. 1751లో ఆర్కాటు కోటలో క్లైవు చిక్కుకుంటే సాయానికి కదిలింది ఈయన దండే. రెండేళ్లకు అదే దండు ఫ్రెంచి పక్షం. తిరుచిరాపల్లి పోరాటాలలో ఆ మరాఠా గుర్రపుదళాన్ని నడిపిన పేరుమోసిన నాయకుడు ఎవరనుకున్నారు? యూనుస్ ఖాన్! ఇక హైదర్, టిప్పు ఇద్దరి కొలువులోనూ ఖజానా లెక్కలు చూసినవాడు పూర్ణయ్య అనే బ్రాహ్మణుడు. ఇందులో మనవాళ్లెవరో, వాళ్లెవరో మీరే విడదీసి చెప్పండి.

1776లో హైదర్ గుత్తి కోటను ముట్టడించినాడు. పెనుకొండ దాటి అనంతపురం మీదుగా అదే రోడ్డున పోతే కనబడే ఆ కొండను మీలో చాలామంది బస్సులోంచి చూసే ఉంటారు. నిటారు కొండ, ఫిరంగులకు లొంగేది కాదు. పైన బావులు చాలా ఉన్నాయి. అయినా నెలల తరబడి ముట్టడి సాగేసరికి నీళ్లు నిండుకున్నాయి. మురారిరావు లొంగిపోయినాడు. ఆయనను కబ్బాళదుర్గానికి పంపినారు, అక్కడే చనిపోయినాడు. హైదర్ మనకు ఎంత ఇష్టమైనా ఈ మాట బిడ్డలకు దాచకూడదు.

హైదర్ వంశానికీ అట్లే అయింది. 1799 మే 4న శ్రీరంగపట్టణం కోటలో టిప్పు పోరాడుతూ పడిపోయినాడు. ఆ రోజు నిజాం సైన్యం ఇంగ్లీషు వాళ్ల పక్కనే ఉంది. టిప్పు రాజ్యంలో తన వాటాకు వచ్చిన సీమను నిజాం ఏడాది తిరిగేసరికి, 1800లో, కంపెనీ సైన్యం ఖర్చు కింద ఇచ్చేసినాడు. అవే దత్తమండలాలు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఉండి, 80 మంది పాళెగాళ్లను అణచి, వాళ్ల బంట్లను ఇళ్లకు పంపినాడు. గుత్తి, పెనుకొండ రెండూ కంపెనీవే అయినాయి. ఈ తేదీలన్నీ పరీక్ష కోసం చెప్పించే నేను, బిడ్డ అడిగినప్పుడు మాత్రం నోరు మెదపలేకపోయినాను!

ఇంకొక్క సంగతి. కొండమీద గోడల నిండా సున్నంతో, బొగ్గుతో పేర్లు గీసినారు. తెలుగులోనూ ఉన్నాయి, ఉర్దూలోనూ ఉన్నాయి. మన బిడ్డలవి ఉంటే దయచేసి ఇంట్లో మందలించండి.

సెలవుల్లో ఈసారి గుత్తి కోటకు తీసుకుపోదామని ఉంది. ఆ పిల్లవాణ్ణి ముందు వరుసలో నడిపిస్తాను. పంపదలచినవాళ్లు సభ కాగానే నాతో చెప్పండి. రొట్టెలు ఇంటినుంచే కట్టివ్వండి, బిడ్డకు రెండు సీసాల నీళ్లు తప్పకుండా ఇవ్వండి.