యాస మార్చుకోమన్నారు, గది మార్చుకున్నాం



ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. దానిమీద ర్యాప్ రాసుకుని వైజాగ్‌లో ఒక స్టూడియోకి వెళ్తే, "ముందు నీ యాస మార్చుకో" అన్నారు. లేచి వచ్చేశాం. సీతమ్మధారలో మేం అద్దెకున్న గదిలోనే రికార్డు చేశాం.

మైకు, పాత ల్యాప్‌టాప్, రెండు రగ్గులు చాలు. ఫ్యాను ఆపేయండి (చెమటలు కారతాయి, తప్పదు). వెనకా పక్కనా రగ్గులు కడితే గోడల మోత తగ్గుతుంది. మైకుకి జానెడు దూరంలో, కాస్త పక్కకి తిరిగి పాడండి. లేకపోతే 'ప', 'భ' దగ్గర గాలి కొడుతుంది. లెవెల్ మైనస్ 6 డీబీ దాటనివ్వొద్దు, పగిలిన గొంతు మిక్సింగ్‌లో అతకదు.

మేం చేసిన తప్పు కూడా వినండి. తుడుం మోత మీద మోజుతో గొంతును కింద పడేశాం. పాడేరులో ఫోన్ స్పీకర్లో పెడితే 'జీవో మూడు' అన్న మాటే వినపడలేదు! మళ్లీ కూర్చున్నాం. గొంతులో 100 హెర్ట్జ్ కింద ఉన్న గుయ్యిమనే మోత తీసేశాం. కంప్రెసర్ 3:1 పెట్టి, మాట వచ్చినచోటల్లా తుడుం తగ్గించాం. ఆటోట్యూన్ జోలికి పోలేదు.

చివరి నాలుగు లైన్లు మా చెల్లి కువిలో చెప్పింది, ఒక్క టేకులో. మధ్యలో ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. అలాగే ఉంచేశాం.