ఏడవ అడుగు



వివాహవేళ అగ్నిసాక్షిగా ఏడడుగులు నడచితిమి. ఏడవ అడుగు సఖ్యమునకు. ముదిరిన కాన్సరుతో భార్యయో భర్తయో కీమోథెరపీకి సిద్ధమైననాడు ఆ సఖ్యమునకు పరీక్ష వచ్చును.

మహాభారత అరణ్యపర్వములో సావిత్రి త్రిరాత్రవ్రతము పూనినది. ఉపవసించినది తానే, సత్యవంతుని ఉపవసింపుమనలేదు. అడవికి వెంట నడచినది. తలనొప్పితో సోలిన భర్త శిరస్సును ఒడిలో నుంచుకొన్నది. మనకు బోధ ఇదియే. వ్రతము మనము పట్టుదము, రోగిచే పట్టింపవలదు.

ఈ మందు రోగకణములతోపాటు రక్తములోని తెల్లకణములను కూడ తగ్గించును. అంటువ్యాధులు సులభముగా సోకును. కావున ఆ రోజులలో వారిని ఉత్సవముల రద్దీకి తీసికొనిపోవలదు. ప్రసాదమైనను వైద్యుని అడిగియే పెట్టుదము. చేతులు కడిగికొనియే సేవచేయుదము. జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరినచో అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెను, తెల్లవారనిమ్మని ఆగరాదు. నోరు పూసినప్పుడు కారములేని మెత్తని అన్నము కొద్దికొద్దిగా తినిపింపవలెను.

ముదిరిన వ్యాధిలో ఈ చికిత్సను పలుమార్లు పూర్తిగా నయముచేయుటకు గాక, వ్యాధిని నిదానింపజేయుటకు, బాధ తగ్గించుటకు ఇచ్చెదరు. ఆ సంగతి వైద్యుని సూటిగా అడిగి తెలిసికొందము. “ఏమియు కాదు” అని వారి నోరు మూయుటకంటె, వారి భయమును చెప్పనిచ్చి వినుట మేలు. ఇక మందు చాలునని వారే నిశ్చయించినచో, వైద్యునితో కూర్చుండి ఆ మాటను ఆలకించుటయు, నొప్పి తెలియకుండ చూచుటయు ధర్మమే.

సావిత్రికి పతిప్రాణము తిరిగి దక్కినది. మనకందరికిని దక్కకపోవచ్చును. ఒడి నిచ్చుట మాత్రము మన వశములోనిదే.

స్వస్తి.