వణికేది తెరా, కన్నా?

(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



ఈ రోజు విషయం వినగానే "సిస్టరమ్మా, ఇది ఆసుపత్రిలో చెప్పే మాటేనా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ తెర వణకడం, మిణుకు మిణుకుమనడం, దానిని సరిచేసుకోవడం గురించి మాట్లాడబోతున్నాను. వార్డులో ఈ ప్రశ్న అడిగేవారు ఎక్కువయ్యారు. ఫిట్స్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు. మైగ్రేన్ తలనొప్పి ఉన్నవారు అడుగుతారు. శుక్లం ఆపరేషన్ చేయించుకున్న పెద్దవారి పిల్లలు అడుగుతారు. పైగా 2025 అక్టోబరులో విండోస్ 10కి మామూలు సపోర్టు నిలిచిపోయిన తరువాత, పాత కంప్యూటర్‌ను పారేయలేక, తెలిసిన అబ్బాయితో ఉబుంటు, మింట్ వంటి లినక్స్ వేయించుకున్న ఇళ్ళు ఉన్నాయి. ఆ అబ్బాయి వేసి వెళ్ళిపోతాడు. తెర వణికితే ఏమి చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకని ఉబుంటు మాటే చెబుతాను. మింట్‌లో పేర్లు కొద్దిగా వేరుగా ఉంటాయి, పని ఒకటే.

సెట్టింగులు ముట్టుకునే ముందు ఒక పని చేయండి. మీ మనిషి "తెర మెరుస్తోంది" అన్నప్పుడు, పక్కన ఇంకొకరు కూర్చుని అదే తెరను చూడాలి. ఇద్దరికీ కనబడితే తప్పు తెరది. ఒక్కరికే కనబడితే, ఆ మనిషిని తెర మీద నుండి చూపు తిప్పి తెల్ల గోడ వంక చూడమనండి. గోడ మీద కూడా మెరుపులు కనబడుతున్నాయా? ఒక కన్ను మూసి, తరువాత రెండో కన్ను మూసి చూడమనండి. ఒక్క కంటిలోనే ఉన్నట్టుండి మెరుపులు, నల్లని చుక్కలు దోమల్లా తేలడం, ఒక పక్క నుండి నల్లని తెర దించినట్టు చూపు మూసుకుపోవడం ఉంటే కంప్యూటర్ సంగతి వదిలేయండి. కంటి వెనుక ఉండే రెటీనా పొర చిరుగుతూ ఉండవచ్చు, లేదా ఊడిపోతూ ఉండవచ్చు. దూరపు చూపుకు ఎక్కువ పవరు అద్దాలు ఉన్నవారికీ, శుక్లం ఆపరేషన్ అయినవారికీ, కంటికి దెబ్బ తగిలినవారికీ ఈ ప్రమాదం ఎక్కువ. నొప్పి ఉండదు కాబట్టి "రేపు చూద్దాంలే" అనుకుంటారు. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పొర ఇంకా ఊడకముందు చిరుగు ఒక్కటే ఉంటే చాలాసార్లు లేజరుతో ఆపవచ్చు. ఊడిపోయాక పెద్ద ఆపరేషనే.

మైగ్రేన్ వారి మెరుపు వేరు. వంకర టింకర గీతలు రెండు కళ్ళకూ కనబడి, మెల్లగా పెద్దవై, చాలామందికి ఇరవై నిమిషాల నుండి గంటలోపు పోతాయి. తరువాత తలనొప్పి మొదలవుతుంది. కళ్ళు మూసుకున్నా అవి కనబడుతూనే ఉంటాయి. ఇలా మొట్టమొదటిసారి వచ్చినప్పుడు మాత్రం డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు తెర దగ్గరికి వద్దాం. ఇద్దరికీ కనబడింది, తప్పు తెరదే. అయినా వెంటనే రిపేరు షాపుకు పరుగెత్తవద్దు. ముందు గదిలో ట్యూబ్‌లైట్ ఆపి చూడండి. చివరలు నల్లబడిన పాత ట్యూబ్ కొట్టుకుంటూ ఉంటే తెర కొట్టుకుంటున్నట్టే అనిపిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. వణుకు ఆగిపోతే లోపం ఛార్జర్‌లోనో, ఇంటి కరెంటు ఎర్తింగ్‌లోనో వెతకాలి. తరువాత మూతను మెల్లగా ముందుకూ వెనుకకూ కదిలించండి. కదిపినప్పుడల్లా వణికితే, కీలు దగ్గర లోపల ఉన్న వైరు వదులైందన్నమాట. ఆన్ చేయగానే, ఉబుంటు రాకముందే, కంపెనీ బొమ్మ కనబడే సమయంలో కూడా వణికితే అది కూడా సామాను లోపమే. ఏ సెట్టింగూ దానిని బాగు చేయదు. డబ్బు పెట్టి రిపేరు చేయించాల్సింది అప్పుడే.

ఉబుంటు వచ్చిన తరువాతే వణికితే సంతోషించండి, చాలాసార్లు ఖర్చు లేకుండా పోతుంది. సెట్టింగ్స్ తెరిచి, డిస్‌ప్లేస్ అన్నచోట నొక్కండి. అక్కడ రిజల్యూషన్, రిఫ్రెష్ రేట్, స్కేల్ అని ఉంటాయి. రిఫ్రెష్ రేట్ అంటే తెర మీది బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీస్తున్నారో ఆ లెక్క. మామూలు తెరలకు 60 ఉంటుంది. ఏదో కారణాన 30కో, తెరకు సరిపడని ఇంకో అంకెకో మారి ఉంటే 60కి మార్చండి. మార్చగానే ఉంచమంటారా వద్దా అని అడుగుతుంది. తెర నల్లగా అయిపోయినా కంగారు పడవద్దు, ఏమీ నొక్కకుండా 20 సెకన్లు ఆగితే దానంతట అదే పాత స్థితికి వస్తుంది. స్కేల్ దగ్గర 125, 150 వంటి అంకెలు పెట్టాక వణుకు మొదలైందని కొందరు చెబుతారు. దానిని 100కి తెచ్చి చూడండి. అక్షరాలు చిన్నవైతే యాక్సెసిబిలిటీలో లార్జ్ టెక్స్ట్ ఆన్ చేయండి. పాత వెర్షన్లలో దాని పేరు యూనివర్సల్ యాక్సెస్. పెద్ద వయసువారికి నా ఓటు ఎప్పుడూ లార్జ్ టెక్స్ట్‌కే. అక్కడే కదిలే బొమ్మలను, అంటే యానిమేషన్లను, ఆపే బటన్ కూడా ఉంది. తల తిరిగేవారికి అది ఆపితే హాయిగా ఉంటుంది.

అయినా తగ్గకపోతే, లినక్స్ వేసిచ్చిన అబ్బాయికి ఫోను చేసి మూడు మాటలు చెప్పండి. అప్‌డేట్లన్నీ వేయమనండి. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే దానిని ఆపి చూడమనండి. అది కరెంటు ఆదా కోసం పెట్టిన ఏర్పాటు, కొన్ని ల్యాప్‌టాప్‌లలో తెర వణకడానికి అదే కారణం. లాగిన్ అయ్యేచోట చక్రం గుర్తు నొక్కితే వేలాండ్, జోర్గ్ అని రెండు కనబడే వెర్షన్ అయితే, రెండోదానితో ఒకసారి నడిపి చూడమనండి. అర్థం కాకపోయినా పరవాలేదు, కాగితం మీద రాసుకుని చదివి వినిపించండి.

ఇంకో రకం వణుకు ఉంది. కంటికి కనబడదు, తల మాత్రం నొప్పి పెడుతుంది. కొన్ని తెరలలో వెలుతురు తగ్గించినప్పుడు, లోపలి దీపం నిజంగా మసకబారదు. సెకనుకు కొన్ని వందలసార్లు వెలిగి ఆరుతూ మసకగా ఉన్నట్టు అనిపిస్తుంది. సెల్‌ఫోన్ కెమెరా తెరిచి తెర వంక పెట్టి చూడండి. వెలుతురు తగ్గించినప్పుడు నల్లటి చారలు పాకి, పూర్తిగా పెంచినప్పుడు పోతే, మీ తెర ఆ రకానిదే. అందరికీ ఇది ఇబ్బంది కాదు, మైగ్రేన్ వారిలో కొందరికి పడదు. వారు తెర వెలుతురు మరీ తగ్గించకుండా, గదిలో కూడా తగినంత వెలుతురు ఉంచుకోవాలి. చీకటి గదిలో తెర ఒక్కటే వెలుగుతూ ఉండడం ఎవరికీ మంచిది కాదు. నైట్ లైట్ ఆన్ చేస్తే తెర పసుపు రంగుకు తిరుగుతుంది, కొందరికి రాత్రిపూట సుఖంగా ఉంటుంది, పెట్టుకోండి. కానీ నీలి వెలుతురు ఆపే అద్దాలంటూ వేలకు వేలు పోయకండి. వాటి వలన కంటి అలసట తగ్గుతుందనడానికి సరైన ఆధారం లేదని 2023లో కోక్రేన్ వారి సమీక్షలో తేలింది. తెర ముందు కళ్ళు మండడానికి ముఖ్య కారణం మనం రెప్ప వేయడం మరచిపోవడమే. ఇరవై నిమిషాలకొకసారి దూరంగా ఉన్న చెట్టు వంక చూడండి, రెప్పలు నిండుగా మూసి తెరవండి.

ఇక ఫిట్స్ పిల్లల తల్లిదండ్రులకు. ఒక తండ్రి పద్నాలుగేళ్ళ కొడుకుకు ఫిట్స్ వచ్చాయని కంప్యూటర్‌ను అమ్మేశాడు. మందు బిళ్ళలు కూడా మెల్లగా ఆపేశాడు, "కారణం పోయింది కదా సిస్టర్" అన్నాడు. పదిహేను రోజులకు అబ్బాయిని మళ్ళీ మోసుకొచ్చారు. ఆ అబ్బాయి ఇ.ఇ.జి. తీసినప్పుడు మెరిసే దీపంతో చేసే పరీక్షలో ఏమీ రాలేదు. అంటే వెలుతురుకు అతని ఫిట్స్‌కు సంబంధం ఉన్నట్టు తేలలేదు. ఫిట్స్ ఉన్నవారిలో వందకు సుమారు ముగ్గురికే మెరుపుల వలన ఫిట్స్ వస్తాయి. వారిలో పిల్లలు, యువకులే ఎక్కువ. మిగతావారికి బిళ్ళ మానేయడం, నిద్ర చాలకపోవడం చాలా పెద్ద కారణాలు. రాత్రి రెండింటిదాకా ఆట ఆడినవాడికి ఫిట్స్ వస్తే తెర కంటే నిద్రలేమినే ముందు అనుమానించాలి.

ఆ ముగ్గురిలో మీ బిడ్డ ఉంటే మాత్రం జాగ్రత్త కావాలి. సెకనుకు 3 నుండి 30 సార్లు కొట్టుకునే మెరుపు వారికి ప్రమాదం. 1997 డిసెంబరు 16న జపానులో పోకెమాన్ అనే పిల్లల బొమ్మల సీరియల్‌లో ఎరుపు, నీలం రంగులు వెంట వెంటనే మారిన కొన్ని సెకన్ల దృశ్యం చూసి సుమారు 685 మందిని ఆసుపత్రులకు తీసుకెళ్ళారు. మంచి స్థితిలో ఉన్న ఎల్.సి.డి. తెర 60లో నడిస్తే అలా కొట్టుకోదు. చెడిపోయి, కంటికి స్పష్టంగా కనబడేటట్టు టపటపలాడే తెర మాత్రం అలా కొట్టుకోగలదు. అటువంటి తెర ముందు ఆ బిడ్డను ఒక్క నిమిషం కూడా కూర్చోనివ్వకండి, బాగయ్యేదాకా ఆపేయండి. ఎప్పుడైనా మెరుపులు ఎదురైతే ఒక కన్నును అరచేతితో పూర్తిగా మూసి, మొహం పక్కకు తిప్పుకోమని నేర్పండి. గబుక్కున రెండు కళ్ళూ మూసుకోవడం వలన ప్రయోజనం ఉండదు, ఒక్కోసారి అదే ఫిట్స్ తెస్తుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, నోట్లో చెంచా పెట్టకండి, నీళ్ళు పోయకండి. చుట్టూ ఉన్న బల్ల, వైర్లు తీసేసి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయండి. డాక్టరు గారిని కలిసినప్పుడు "మా బిడ్డకు మెరిసే దీపం పరీక్షలో ఏమి వచ్చింది?" అని అడిగి, ఆయన చెప్పినది మందుల చీటీ వెనుక రాయించుకోండి.