లెక్క అడుగుడు ఆపొద్దు

(రైతు, విద్యార్థి, ఉపాధ్యాయ సంఘాల ఉమ్మడి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన ఉద్యమం పాటతోని పెరిగిందంటరు. నిజమే గాని, దాని పునాదిల లెక్క ఉన్నది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఒక షరతు పెట్టుకున్నం: ఉమ్మడి పాలన ఖర్చు దామాషా ప్రకారం పోను, తెలంగాణ ఆదాయంలో మిగిలింది తెలంగాణకే ఖర్చు పెట్టాలె. పెట్టలేదు. 1969లో పిల్లలు రోడ్డెక్కినంక లలిత్ కుమార్ కమిటీ పద్దులు తీసి, 1956 నుంచి 1968 దాక మిగులు 34 కోట్లని తేల్చింది. జస్టిస్ భార్గవ కమిటీ దాన్ని 28 కోట్లకు దించింది. ఆ తేడా పక్కన పెట్టండి. మన పైసలు మన మీద పెట్టలేదని రెండు కమిటీలూ ఒప్పుకున్నయి.

2014 జూన్ 2 తర్వాత ఆ ప్రశ్న తీరిపోయిందని కొందరనుకున్నరు. అప్పుడు ఎవరు పట్టుకపోతున్నరని అడిగినం. ఇప్పుడు దేనికి పెడుతున్నరని అడగాలె.

కాళేశ్వరం సంగతి చూడండి. గోదావరి లోతున పారుతది, మన పొలాలు ఎత్తున ఉన్నయి, ఎత్తిపోతలు లేకుంటే కుదరదన్నరు. ఆ మాటల అబద్ధం లేదు. కాని ఎత్తిపోసుడంటే కట్టిననాటి ఖర్చుతోని అయిపోదు, మోటరు తిరిగినన్ని రోజులు కరెంటు బిల్లు వస్తది. కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చింది. కేంద్ర జల సంఘానికి 81,911 కోట్లని చెప్పిన పని లక్షా 47 వేల కోట్లు దాటొచ్చన్నది. పూర్తిగా నడిస్తే ఏడాదికి కరెంటుకే 10 వేల కోట్ల పైన. పెట్టిన రూపాయికి వచ్చే ఫలం 52 పైసలు. అంతకుముందే, 2023 అక్టోబరులో, మేడిగడ్డ పిల్లర్లు కుంగినయి. పిల్లర్ల గురించి హోటళ్ల కాడ గూడ మాట్లాడినం. కరెంటు బిల్లు గురించి, అప్పు కిస్తీల గురించి ఎంతమందిమి మాట్లాడినం? నా లెక్కల అదే పెద్ద పగులు.

ఇంకొక దిక్కు చూడండి. 2015లో మిషన్ కాకతీయ మొదలైంది, 46 వేల పైచిలుకు చెరువులన్నరు. పూడిక మట్టిని రైతే ట్రాక్టరు కిరాయి పెట్టుకొని చెలకల పోసుకున్నడు. మంచి పని. కాని చెరువు ఒక్కసారి బాగుచేసి ఇడిసిపెట్టేది గాదు. కట్ట మీద తుమ్మలు మొలుస్తయి, తూము కారుతది, మత్తడి తెగుతది. ఎనకట నీరటికాడు చూసుకునేటోడు, ఆయనకు పంటల వాటా ఉండేది. ఇయ్యాల ఆ పని ఎవరిది, ఏ పద్దుల ఉన్నది? శిలాఫలకం లేని పనికి పైసలు పుట్టవు. తూము మరమ్మతుకు మంత్రి వచ్చి కొబ్బరికాయ కొట్టడు గదా!

అందుకే నేనడిగేది వరుస. ముందుగాల ఇయ్యాల్సిన బాకీ, తర్వాత ఉన్నదాని నిర్వహణ, ఆ తర్వాతనే కొత్త పని. ఇంట్ల మన అమ్మలు చేసేది గిదే. కిరాణం బాకీ తీర్చినంకనే పండుగకు చీర. సర్కారుల అది తలకిందులైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టినయి. బాకీ సర్కారుది, సర్టిఫికెట్ కోసం తిరిగేది బీదోళ్ల పిల్లలు. 2018లో వచ్చిన రైతుబంధు దున్నని భూస్వామికి గూడ అందింది, దున్నే కౌలు రైతుకు అందలే. 2023 డిసెంబరులో కొత్త సర్కారు శ్వేతపత్రం పెట్టి మొత్తం అప్పు 6 లక్షల 71 వేల కోట్లన్నది. దిగిపోయినోళ్లు ఆ అంకె ఒప్పుకోలేదు. వాళ్ల కొట్లాట వాళ్లది, కిస్తీ కట్టేది మాత్రం మనమే.

ఒక పని చేద్దాం. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందే మన ఎమ్మెల్యే దగ్గరికి పోయి రెండే అంకెలు అడుగుదాం. నియోజకవర్గంల చెరువుల నిర్వహణకు పోయినేడు ఎంత కేటాయించిన్రు? అందుల ఎంత విడుదలైంది? నోటి మాట వద్దు, కాగితం మీద రాసియ్యమందాం. ఇయ్యకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం, ఖర్చు పది రూపాయలకు మించదు. నమూనా కాగితాలు బయట బల్ల మీద ఉన్నయి, ఊరికొకటి తీసుకపోండ్రి.