ఆరకూడని కొలిమికి నీటి కరెంటు



కరెంటును విపరీతంగా తాగే పరిశ్రమల పార్కులకు జల విద్యుత్తు ఎంతవరకు ఆధారం కాగలదో మాట్లాడమని నన్ను పిలిచారు. కొత్త పారిశ్రామిక వాడ వస్తోందనగానే "పక్కనే డ్యాం ఉంది, చవగ్గా కరెంటు ఇస్తాం" అనే మాట పుడుతుంది. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. వానాకాలం మీద బతికే మన నదుల కరెంటును, ఏడాదంతా ఆగకుండా నడవాల్సిన ఫ్యాక్టరీకి ప్రధాన ఆధారంగా రాసివ్వడం తప్పు. తోడుగా ఇస్తే మాత్రం దానికి సాటి వచ్చేది లేదు.

ముందు ఆ ఫ్యాక్టరీ లోపలికి వెళదాం. అల్యూమినియం తీసే చోట పాట్‌లు అనే పెద్ద తొట్లు వందల సంఖ్యలో వరసగా ఉంటాయి. ఒకదాని గుండా పోయిన కరెంటే పక్కదానిలోకి పోతుంది. ఒక్కో పాట్‌కు కావాల్సింది నాలుగు వోల్టుల పైచిలుకే, కానీ పారే కరెంటు లక్షల ఆంపియర్లు. లోపల కరిగిన క్రయొలైట్ 960 డిగ్రీల దగ్గర ఉడుకుతూ ఉంటుంది. అందులో అల్యూమినా అనే ముడిపదార్థం కరుగుతుంది, లోహం అడుగుకు దిగుతుంది. గంటో రెండు గంటలో కరెంటు పోతే తట్టుకుంటారు. నాలుగైదు గంటలు దాటితే ఆ ద్రవం గడ్డకట్టడం మొదలవుతుంది. గడ్డకట్టాక స్విచ్ వేస్తే తిరిగి కరగదు. మనుషులు దిగి పగలగొట్టాలి, లోపలి పూత మళ్లీ వేయాలి, ఒక్కో పాట్‌నూ మళ్లీ వేడెక్కించాలి. మొత్తం లైను తిరిగి నిలబడేసరికి నెలలు పడుతుంది. టన్ను లోహానికి సుమారు 14,000 యూనిట్లు కావాలి. ఏడాదికి 50,000 టన్నులు తీసే చిన్న కర్మాగారానికే 70 కోట్ల యూనిట్లు. అంటే రాత్రీ పగలూ, ఎండాకాలమూ వానాకాలమూ ఒకేలా 80 మెగావాట్లు.

ఫెర్రో అల్లాయ్స్ కొలిమి కాస్త ఓర్పు గలది. సాయంత్రం పీక్ లోడ్ వేళ దాన్ని తగ్గించి నడపొచ్చు. దాన్ని కూడా రోజుల తరబడి ఆపితే తిరిగి వేడెక్కించేటప్పుడు ఎలక్ట్రోడ్లు విరిగే ప్రమాదం ఉంది. ఈ తేడా చూడకుండా అన్నిటినీ "పరిశ్రమలు" అని ఒకే గాటన కట్టి కరెంటు కేటాయించడం మనకు అలవాటైపోయింది.

ఇక ఇలాంటి కర్మాగారాన్ని నీటి కరెంటు మీద నడపాలనుకున్న రిహండ్ డ్యాం దగ్గరికి వస్తాను. ఉత్తరప్రదేశ్‌లో, అప్పటి మీర్జాపూర్ జిల్లాలోని పిప్రీ దగ్గర 1954లో నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. 934 మీటర్ల పొడవు, 91 మీటర్ల ఎత్తు ఉన్న కాంక్రీటు ఆనకట్ట అది. ఒక్కోటి 50 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు, మొత్తం 300 మెగావాట్లు. ఆ కరెంటును నమ్ముకుని పక్కనే రేణుకూట్‌లో బిర్లాల హిందాల్కో కర్మాగారం 1962లో 20,000 టన్నుల సామర్థ్యంతో మొదలైంది. కాగితం మీద ఇంతకన్నా చక్కని జోడీ ఉండదు. కానీ ఉత్పత్తి పెంచుకోవాల్సి వచ్చినప్పుడు నీటి కరెంటు ఒక్కదాన్ని నమ్ముకుంటే కుదరలేదు. 1967కల్లా రేణుసాగర్‌లో సొంత బొగ్గు విద్యుత్ కేంద్రం నడవడం మొదలైంది. తర్వాత ఆ జలాశయం చుట్టూ సింగ్రౌలీ, వింధ్యాచల్, అన్‌పరా వంటి పెద్ద థర్మల్ కేంద్రాలు వచ్చాయి. నీటితో కరెంటు తీయడానికి కట్టిన రిహండ్ సాగరం బొగ్గు కేంద్రాలను చల్లబరిచే నీటి వనరుగానూ మారింది. దిగువన ఆ నీళ్లు చేరే సోన్ నది కాలువల కింద పంట పండించే బీహార్ రైతులకు ఆ నీళ్ల మీద తమ వాదన తమకుంది. ఇంతమంది ఒకే నీటి మీద చెయ్యి వేసినప్పుడు 300 మెగావాట్ల అంకెకు విలువెంత?

ఆ డ్యాం కింద ఊళ్లు పోయినవాళ్లను కూడా ఈ సభలో తలచుకోవాలి. ముంపులో వేల కుటుంబాలు కదిలాయి. వాళ్లలో చాలామంది తర్వాత బొగ్గు గనుల కోసం, థర్మల్ కేంద్రాల కోసం మళ్లీ కదలాల్సి వచ్చింది. చవక కరెంటు అన్నప్పుడు ఆ కుటుంబాలు చెల్లించిన ధర మన టారిఫ్ లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

మరి ఇది కుదిరిన చోటు లేదా అంటే, ఉంది. మలేషియాలోని సరవాక్ రాష్ట్రం. బలూయి నది మీద 2,400 మెగావాట్ల బకూన్ డ్యాం కట్టారు. 2011లో కరెంటు మొదలైంది. మొదట్లో ఆ కరెంటును సముద్రం అడుగున కేబుల్ వేసి మలేషియా ప్రధాన భూభాగానికి పంపాలనుకున్నారు. అది జరగలేదు. అంత కరెంటుకు కొనేవాడు కావాలి కదా. బింటులు దగ్గర సముద్రపు ఒడ్డున సమలాజు పారిశ్రామిక పార్కును పెంచి అల్యూమినియం, ఫెర్రోసిలికాన్, పాలీసిలికాన్ ఫ్యాక్టరీలను రప్పించారు. అక్కడ నడవడానికి కారణం ఆకాశంలో ఉంది. భూమధ్యరేఖ పక్కన ఏడాది పొడుగునా వాన కురుస్తుంది. ఆ కింద నీళ్లకోసం ఎదురుచూసే డెల్టా లేదు. అక్కడ కూడా దాదాపు పదివేల మంది ఆదివాసులను సుంగై అసాప్‌కు తరలించారు. కాబట్టి ఆ నమూనాను ఎవరైనా మన దగ్గరికి తెస్తామంటే, ముందు ఆ వానను తెమ్మనాలి.

మన దగ్గర సీలేరును చూడండి. దాని ఎగువన 1955లో మాచ్‌ఖండ్ కరెంటు వచ్చింది. ఆ దశకంలోనే నేటి విజయనగరం జిల్లా గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమ వెలిసింది. మాచ్‌ఖండ్ దాటిన నీళ్లలో ఒడిశా వాటా బలిమెలకు పోగా, మన వాటా ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, దిగువ సీలేరు 460, ఇలా మెట్టు మెట్టుకూ టర్బైన్లు తిప్పుతూ దిగుతుంది. తర్వాత శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో చేరుతుంది. డిసెంబరు దాటాక ధవళేశ్వరం దగ్గర గోదావరి సన్నబడితే దాళ్వా వరికి ఈ నీళ్లే దిక్కు. సీలేరు మీద గేటు ఎప్పుడు ఎత్తాలి, ఎంత వదలాలి అన్నది ఆ నెలల్లో గోదావరి జిల్లాల పొలాలు చెబుతాయి. టర్బైన్లకు పట్టనంత నీరు కావాల్సి వచ్చినప్పుడు కరెంటు తీయకుండానే పక్క నుంచి వదిలిన సందర్భాలున్నాయి. నా మట్టుకు అది సరైన వరస. పొట్టకొచ్చిన చేనుకు నీళ్లు ఆపి కొలిమికి కరెంటు ఇవ్వమని నేను ఎన్నడూ అనలేను.

కృష్ణా నది సంగతి ఇంకా స్పష్టం. శ్రీశైలంలో కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్లు ఉన్నాయి. వరద ఉన్నంతకాలం టర్బైన్లు హోరెత్తుతాయి. వరద తగ్గాక 854 అడుగుల నీటిమట్టం కింద నీళ్లు ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని రెండు తెలుగు రాష్ట్రాలూ కృష్ణా బోర్డు ముందుకెళ్తాయి. 2012–13లో పవర్ హాలిడేలు ఇచ్చిన రోజులు ఇక్కడ ఉన్న ఫ్యాక్టరీ వాళ్లకు గుర్తుండే ఉంటాయి. శ్రీశైలం సామర్థ్యం అంకె ఆ ఏడాదీ అదే, అక్కడ తగ్గింది నీళ్లే.

అయితే నీటి కరెంటు వల్ల ఉపయోగం లేదా? చాలా ఉంది. నిమిషాల్లో మొదలై నిమిషాల్లో ఆగే గుణం దానికుంది, బొగ్గు కేంద్రానికి లేదు. సూర్యుడు వాలాక, గాలి పడిపోయాక గ్రిడ్‌ను నిలబెట్టడానికి ఆ గుణమే అక్కరకొస్తుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో తలపెట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ఈ ఆలోచన మీదే నిలిచింది. పగటి ఎండ కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైన వేళ కిందికి వదులుతారు. నూరు యూనిట్లతో తోడితే డెబ్బై అయిదు, ఎనభై తిరిగొస్తాయి. మిగతావి పోయినట్టే. 2022లో ఆర్సెలార్‌మిట్టల్ గ్రీన్‌కోతో కుదుర్చుకున్న ఒప్పందంలో ఒక అంకె నాకు బాగా నచ్చింది. గుజరాత్‌లోని హజీరా ఉక్కు కర్మాగారానికి నిరంతరంగా 250 మెగావాట్లు ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో 975 మెగావాట్ల సౌర, పవన కేంద్రాలు, వాటికి దన్నుగా పంప్డ్ స్టోరేజి. ఆగని 250 కావాలంటే దానికి దాదాపు నాలుగింతలు కట్టాలని ముందే ఒప్పుకున్న లెక్క అది.

ఇక్కడున్న యువ ఇంజనీర్లకు నా విన్నపం ఒక్కటే. రేపు ఏ పారిశ్రామిక పార్కు ఒప్పందమైనా మీ బల్ల మీదికి వస్తే, మెగావాట్ల అంకె చూసి సంతకం పెట్టకండి. గత ముప్పై ఏళ్లలో నెలనెలా ఎన్ని యూనిట్లు వచ్చాయో, కరువు ఏడాది మే నెలలో ఎన్ని వచ్చాయో అడగండి. నీళ్లు తగ్గితే ముందు ఎవరికి ఆపుతారో, ఏ ఫ్యాక్టరీకి ఎన్ని గంటల ముందు చెబుతారో కాగితం మీద రాయించండి. ముంపు ఊళ్లకు ఇచ్చిన మాటలు తీరాయో లేదో అదే ఫైల్లో పెట్టించండి. ఇవి లేని ఫైలును వెనక్కి పంపే అధికారం మీకుంది. దయచేసి దాన్ని వాడండి.